నెత్తురు కడగటం కులవృత్తా?

రైలు కింద పడి మనిషి ముక్కలైనా, చెరువులో మూడు రోజుల శవం తేలినా, హైవే మీద లారీ గుద్ది నలుగురు పోయినా, తలుపేసుకుని ఉరి పోసుకున్నవాడి సంగతి వాసన వల్ల బయటపడినా, తర్వాత నడిచే తతంగం ఒక్కటే. పోలీసులొస్తారు. విలేఖరులొస్తారు. పెద్దమనుషులు ముక్కుకి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడతారు. ఆ తర్వాత ఒక కానిస్టేబులు బండేసుకుని మన పల్లెకొస్తాడు. "ఇద్దరు రండ్రా, పనుంది" అంటాడు. ఊళ్లో ఎన్ని వీధులున్నా ఆ బండి ఇంకో వీధిలోకి తిరగదు.

శవ పంచనామా ఎట్లా జరగాలో చట్టంలో రాసి ఉంది. మొన్నటిదాకా అది క్రిమినల్ ప్రొసీజర్ కోడు 174వ సెక్షను. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షను వచ్చింది. ఇరుగుపొరుగున ఉండే గౌరవనీయులు ఇద్దరు, అంతకన్నా ఎక్కువమంది ఎదుట పోలీసు అధికారి విచారణ చెయ్యాలి. గాయాలు రాయాలి, సంతకాలు పెట్టించాలి, అవసరమైతే శవాన్ని డాక్టరు దగ్గరికి పంపాలి. 'గౌరవనీయులు' అనే మాట నేను కలిపింది కాదు, చట్టంలోనే ఉంది. కోడు మారింది గాని ఆ మాట మారలేదు. సరే, గౌరవనీయులు దూరం నుంచి చూసి సంతకం పెట్టి పోతారు. మరి శవాన్ని ఉరితాడు నుంచి ఎవరు దించాలి? పట్టాల మీది ముక్కలు ఎవరు ఏరాలి? గోనెపట్టాలో ఎవరు మూట కట్టాలి? నేల మీది నెత్తురు ఎవరు కడగాలి? ఆ సెక్షన్లో దీని గురించి ఒక్క అక్షరం లేదు. చట్టం ఖాళీగా వదిలిన ఆ చోటులో కులం కూర్చుంది.

చావు కబురు మోసింది మనమే, డప్పు కొట్టింది మనమే, కట్టెలు కొట్టి గుంట తవ్వింది మనమే. మహారాష్ట్రలో మహర్ల చేత వతను పేరుతో ఊరి చాకిరీ అంతా చేయిస్తుంటే దాన్ని మార్చాలని అంబేద్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. మన దగ్గర 1984 జనవరిలో కరణాల, మునసబుల పదవులు రద్దు చేశారు. కుర్చీలో కూర్చున్నవాడి పదవి కాగితం మీద ఉంది గనక కాగితంతో పోయింది. శవం దగ్గరికి రమ్మనే పిలుపు ఏ కాగితం మీదా లేదు. లేనిదాన్ని ఎవరు రద్దు చేస్తారు?

ఇంతకీ ఇచ్చేదేంది? ఒక క్వార్టరు సీసా, చేతిలో ఎంతో కొంత నోటు. అదీ చాలాసార్లు చచ్చినవాడి బంధువుల దగ్గర వసూలు చేసి ఇచ్చేదే. మస్టరు లేదు, రసీదు లేదు. సీసా మాత్రం ముందే ఇస్తారు. తాగకపోతే వీళ్లు ఆ పని చెయ్యలేరండీ అని స్టేషన్లో చెప్తారు. నిజమే, ఏ మనిషీ చెయ్యలేడు. అందుకే మందు పోసి చేయిస్తున్నారు, గ్లౌజుల జతకన్నా ముందు సీసా తయారుగా ఉంటుంది. మాష్టరుగా నాకు తెలిసిన ఇళ్లున్నాయి. శవం పనికి పోయిన రాత్రి తండ్రి తాగి వస్తాడు, గొడవ జరుగుతుంది, మర్నాడు పిల్లలు బడికి రారు. హాజరుపట్టీలో ఆబ్సెంటు వేస్తాం. కారణం రాయటానికి అందులో గడి లేదు.

ఇప్పుడు ఆ నెత్తురు సంగతి. చచ్చిన మనిషి నెత్తుట్లో హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, ఎయిడ్స్ క్రిములు ఉండొచ్చు. ఉన్నాయో లేవో చూస్తే తెలియదు. హెపటైటిస్ బి క్రిమి ఎండిపోయిన నెత్తుటి మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. పగిలిన అద్దం ముక్కో, విరిగిన ఎముకో గీసుకుపోయి, చేతికున్న పుండు గుండా ఆ నెత్తురు లోపలికి పోతే చాలు. ఆ రోజుకేం కాదు. కొందరిలో ఆ జబ్బు ఒంట్లోనే కాపురం పెట్టి, ఇరవై ముప్ఫయ్యేళ్లకి కాలేయం గట్టిపడి, క్యాన్సరు దాకా పోతుంది. అప్పుడు "తాగి తాగి లివరు పోగొట్టుకున్నాడు" అంటారు. తాగించింది ఎవరో, దేనికోసమో ఎవరికీ గుర్తుండదు.

పురుగుమందు తాగి చచ్చిన ఇల్లు ఇంకొక రకం. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. ఆ వాంతి కడిగినా, తడిసిన బట్టలు ఉత్తచేతులతో విప్పినా విషమే. గుడ్డ చుట్టుకుంటే గుడ్డ పీల్చుకుని ఇంకా అంటిస్తుంది. రబ్బరు గ్లౌజులుండాలి, చెయ్యి వెంటనే సబ్బుతో కడుక్కోవాలి.

మన ఇళ్లలోనే ఇట్లాంటిది జరిగితే ఏం చెయ్యాలో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే మనకు చెప్పేవాళ్లు లేరు. ముందు పోలీసులు చూసి రాసుకునేదాకా ఏదీ కడగొద్దు. అది సాక్ష్యం, మనవాడిది హత్య అయితే మరీను. తర్వాత నెత్తురు మీద బిందెలతో నీళ్లు కొట్టొద్దు, చీపురుతో ఊడవొద్దు. చిందుతుంది. పాతగుడ్డలో కాగితాలో కప్పి, లీటరు నీళ్లకి 30 గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడరు కలిపి దానిమీద పొయ్యాలి. పావుగంటకి తగ్గకుండా వదిలెయ్యాలి. అప్పుడు గ్లౌజులతో తియ్యాలి, మళ్లీ ఒకసారి ఆ నీళ్లతోనే తుడవాలి. బ్లీచింగ్‌లో యాసిడ్ మాత్రం కలపొద్దు. కలిపితే క్లోరిన్ గ్యాసు పుట్టి ఊపిరాడదు. పేడనీళ్లు చల్లితే క్రిమి చావదు.

అమెరికాలో ఈ పని చేసే కంపెనీలున్నాయి. హత్య జరిగిన ఇంటికో, వారాల తర్వాత శవం దొరికిన గదికో వస్తారు. ఒళ్లంతా కప్పే సూటు, రెండు జతల గ్లౌజులు, ముఖానికి ముసుగు. నెత్తురు ఇంకిన పరుపు, తివాచీ, చివరికి చెక్కనేల కూడా కోసి తీసుకుపోతారు. బిల్లు వేస్తారు. నెత్తురుతో పనిచేసేవాళ్లకు యజమాని ఉచితంగా హెపటైటిస్ బి టీకా వేయించాలి, తర్ఫీదు ఇవ్వాలి, గ్లౌజులివ్వాలి అని అక్కడి కార్మిక శాఖ 1991 డిసెంబరులో రూలు చేసింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1997లో ఈ పనికే ప్రత్యేకంగా చట్టం చేసి, చేసేవాళ్లు ప్రభుత్వం దగ్గర రిజిస్టరు కావాలంది. అమెరికా స్వర్గమని చెప్పటానికి ఇదంతా రాయటం లేదు. పని అదే, నెత్తురు అదే. అక్కడ దానికి రేటుంది, రూలుంది. ఇక్కడ దానికి కులం ఉంది.

ఇక్కడ రూల్సు లేవా అంటే, ఉన్నాయి. 2016 బయో మెడికల్ వేస్టు రూల్సు ప్రకారం ఆస్పత్రిలో ఆ చెత్త ముట్టే ప్రతివాడికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. నెత్తుటి గుడ్డలు పసుపు సంచిలో పొయ్యాలి. మంచిదే. కాని రైలు పట్టాల మీద పడ్డవాడి నెత్తురు ఏ సంచిలోకి పోతుంది? అసలు ఆస్పత్రి లోపలి మార్చురీ సంగతి కూడా చాలామందికి తెలుసు. రిపోర్టు మీద సంతకం డాక్టరుది, చాలాచోట్ల కత్తి పట్టేది మాత్రం మనవాడు. అతని ఉద్యోగం రికార్డులో స్వీపరు. 2020, 2021లో కరోనా వచ్చినప్పుడు ఊరూరా తెల్ల సూట్లు కనపడ్డాయి. తలచుకుంటే ఈ దేశంలో సూట్లు దొరుకుతాయని అప్పుడు తెలిసింది. శవం అంటే ఊరికి భయం వేసినన్నాళ్లే అవి మనకూ దొరికాయి.

చట్టం దగ్గరికొద్దాం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దానిలో సెక్షన్ 3(1)(ఐ) చూడండి. ఎస్సీ ఎస్టీల చేత మనిషి శవాన్ని గాని పశువు కళేబరాన్ని గాని ఎత్తించినా, మోయించినా, గుంటలు తవ్వించినా నేరం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. దీని ముందున్న (హెచ్) క్లాజు వెట్టిచాకిరీ గురించి. అందులో ప్రభుత్వం ప్రజల అవసరానికి విధించిన సేవ అనే మినహాయింపు ఉంది. (ఐ)లో ఆ మినహాయింపు రాయలేదు. "గవర్నమెంటు పనిరా, రావాల్సిందే" అన్నవాడికి ఈ తేడా చూపించండి. నాలుగో సెక్షన్ కింద విధి నిర్లక్ష్యం చేసిన అధికారికి కూడా శిక్ష ఉంది.

ఇది చెప్తే పల్లెలో కొందరు నా మీదే కోపం చేస్తారు. "మాష్టారూ, వచ్చే నాలుగు రూపాయలు కూడా పోగొడతావా?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జీతం వచ్చే నాలాంటివాడు తేలిగ్గా కొట్టిపారెయ్యగూడదు. పని మానుకోమని మేం అనటం లేదు. పిలిచే పద్ధతి మారాలంటున్నాం. సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. సఫాయి కర్మచారులు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కారు గనక ఆ 10 లక్షల తీర్పు వచ్చింది. శవాలెత్తేవాళ్లకు ఆపాటి లెక్క కూడా లేదు, ఎందుకంటే వాళ్లు ఆ పని చేసినట్టే ఎక్కడా రాసి లేదు.

ఇంకొకటి కూడా అంటారు, శవం పని చెయ్యనంటే మానవత్వం లేదా అని. మనకా మానవత్వం నేర్పేది! 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ శవాలను మన జనం ఊరి నడుమ పూడ్చి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. మనవాళ్ల శవాన్ని మనం కడుక్కుంటాం, మోసుకుంటాం. పొరుగువాడు అడిగితే భుజం కూడా ఇస్తాం. అడిగినవాడి భుజం కూడా పాడె కింద ఉండాలి.

కాబట్టి ఈసారి బండి పల్లెలోకొస్తే ఒక్కరు ముందుకు పోవద్దు, నలుగురు కలిసి పోండి. ఎవరు పంపారో, ఏ కేసో, ఎంత కూలో రాసిమ్మనండి. గ్లౌజులు, బూట్లు, మాస్కు ఇచ్చాకే చెయ్యి వెయ్యండి. సీసా వద్దనండి, ఆ డబ్బు కూలిలో కలపమనండి. బలవంతం చేస్తే, కొడితే, కులం పేరు పెట్టి తిడితే డీఎస్పీకి, కలెక్టరుకి కాగితం పెట్టండి. ఆ కేసు దర్యాప్తు చెయ్యాల్సింది డీఎస్పీ హోదాకి తగ్గని అధికారి. ఇప్పటికే ఈ పని చేస్తున్నవాళ్లు మూడు డోసుల హెపటైటిస్ బి టీకా అడగండి. మొదటిది ఇవాళ, రెండోది నెలకి, మూడోది ఆరు నెలలకి. దానికి ముందు ఒక రక్తపరీక్ష చేయించుకుంటే జబ్బు ఇప్పటికే ఉందో లేదో తెలుస్తుంది.

మీ మండలంలో శవం పనికి ఎవరిని పిలుస్తున్నారు, ఏ కులం, ఎంతిచ్చారు, ఎవరిచ్చారు, టీకా పడిందా లేదా అన్నది కార్యకర్తలు పల్లె పల్లెకీ తిరిగి రాసి వచ్చే పక్షం లోపల మాకు పంపండి. రైల్వే స్టేషను, హైవే పక్కనున్న పల్లెలు ముందు చూడండి. పనిచేసేవాళ్ల పేర్లు అచ్చు వెయ్యం. లెక్క మాత్రం వేస్తాం.