మెట్రో దాకా నడిచేదెలా?

షుగరు, బి.పి. ఉన్నవారికి డాక్టర్లు ముందుగా చెప్పే మాట "రోజూ అరగంట నడవండి" అని. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. బల్కంపేట వారికి ఇది కష్టం కాకూడదు. ఎల్లమ్మ గుడి దగ్గరి నుండి అమీర్‌పేట మెట్రో స్టేషనుకు దాదాపు పావుగంట నడక. పోనురాను కలిపి అరగంట. వారానికి అయిదు రోజులు పనికి అలా వెళ్ళివస్తే చాలు, 150 నిమిషాలు పూర్తవుతాయి. పైసా ఖర్చులేని మందు!

అయితే నడవడానికి దారి ఏది?

అమీర్‌పేటకు మెట్రో 2017 నవంబరులో వచ్చింది. 2018లో ఎల్.బి. నగర్ వైపు, 2019లో హైటెక్ సిటీ వైపు పొడిగించారు. స్టేషనులో లిఫ్టు ఉంది, ఎస్కలేటరు ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మ కూడా ప్లాట్‌ఫారం చేరుకోగలదు. చిక్కంతా రోడ్డు మీదికి దిగిన తరువాతే. ఫుట్‌పాత్ ఉన్నచోట మోటారు సైకిళ్ళు నిలిపి ఉంటాయి, కొన్నిచోట్ల ఫుట్‌పాతే ఉండదు. తోపుడుబండ్ల వారిని తిట్టడం అందరికీ తేలికే. వారిది పొట్టకూటి కోసం. కారును ఫుట్‌పాత్ మీదికి ఎక్కించి నిలిపేవారిని మాత్రం మనం ఒక్క మాటా అనము.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవారికి అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోతుంది. విరిగిన రాతి పలక గీసుకున్నా, చెప్పులో రాయి దూరినా తెలియదు. చిన్న గాయం పుండవుతుంది. ఆలస్యం చేస్తే వేలో, పాదమో తీసివేయవలసి వస్తుంది. వానాకాలంలో బల్కంపేట రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీరు నిలిచినప్పుడు ఆ మురుగులో పగిలిన మడమలతో నడవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. నడవమని మందుచీటీ మీద వ్రాసేది మేమే, ఆ రోడ్డు మీదికి పంపేదీ మేమే.

2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆసుపత్రికి మళ్ళీ చూపించుకోవడానికి రావలసిన పేద మహిళకు ఇది నిజంగా మేలు. కానీ కిక్కిరిసిన బస్సులో, అంత ఎత్తు మెట్టు మీద రోగి కాలు పెట్టలేదు. బల్కంపేట, ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట, పంజాగుట్ట నిమ్స్ మీదుగా చుట్టూ తిరిగే చిన్న బస్సులు, మెట్టు తక్కువ ఎత్తులో ఉండేవి, నాలుగు వేసినా ఎంతో తేడా ఉంటుందని నా అభిప్రాయం. కొత్త ఫ్లైఓవరు కంటే దీనికయ్యే ఖర్చు ఎంత?

సాధ్యం కాదని అంటారేమో. ప్రతి ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణానికి వాహనాలను మళ్ళించి, ఆ వీధులన్నీ నడిచేవారికి వదలడం లేదా? అంత జనంలో ముసలివారు కూడా నడిచి వెళ్ళి వస్తారు.

మీరు నడిచే దారిలో ఎక్కడ పలక విరిగిందో, ఎక్కడ మ్యాన్‌హోల్ మూత లేదో, ఎక్కడ నీరు నిలుస్తోందో కాగితం మీద వ్రాసి వార్డు కార్యాలయంలో ఇవ్వండి. ఇచ్చినట్లు రసీదు అడిగి తీసుకోండి.