మాడిన నూనెకు కొలిమి దారి చూపుదాం

మండల కేంద్రంలో బజ్జీల బండి దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడి చూడండి. పొద్దున పూరీలు కాల్చిన నూనెలోనే సాయంత్రం మిర్చీలు తేలుతుంటాయి. ఫంక్షన్ హాల్లో పెళ్లి వంట అయిపోయాక మిగిలిన నల్లనూనె డబ్బాలకెక్కి, సగం ధరకు ఇంకో పొయ్యి మీదికి చేరుతుంది. ఆ బండి దగ్గర తినేది ఎవరు? యార్డుకు వడ్లు తెచ్చి కాంటా కోసం పడిగాపులు పడే రైతు, హమాలీ, బడి పిల్లలు.

నిబంధనలు లేక కాదు. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే మళ్లీ వంటకు వాడకూడదన్న నిబంధన 2018 జూలై నుంచి అమల్లో ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె కాచే హోటళ్లు లెక్క రాసిపెట్టి, వాడిన నూనెను గుర్తింపు ఉన్న వాళ్లకే ఇవ్వాలని 2019 మార్చి నుంచి ఇంకొకటి వచ్చింది. అట్లా తీసుకున్న నూనెతో బయోడీజిల్ చేస్తారు. పట్నం హోటళ్ల వరకు బాగానే ఉంది. రోజుకు ఐదు లీటర్లు కాచే బండి ఏ లెక్కలోకి వస్తుంది? (మనం తినే నూనెలో సగానికి పైగా దిగుమతే. 2025 మే నెలలో ముడి వంటనూనెల మీద ప్రాథమిక సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి దించారు. పల్లి రైతు గోడు ఇంకోసారి రాస్తాను.)

ఈ నూనెలో కొంతయినా ఊరి కొలిమికి పోవాలన్నది నా మాట. మన కొడవళ్లకూ గొడ్డళ్లకూ అది నిజంగా అవసరం.

ఇప్పుడు కమ్మరి చేతికొచ్చే మంచి ఇనుము లారీ కమాన్ పట్టీ. అది గట్టి రకం ఉక్కు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఒక్కసారిగా చల్లారి పగుళ్లు పడుతుంది. "పొద్దంతా కొట్టిన గొడ్డలి నీళ్లల్ల టప్పుమన్నదే అన్నా" అని మా ఊరి కమ్మరి చాలాసార్లు చెప్పాడు. నూనె నీళ్లంత తొందరగా వేడిని లాగదు. అందుకే ఆ ఉక్కు పగలకుండా గట్టిపడుతుంది. మరి తాతల కాలంలో నీళ్లతోనే నడవలేదా అంటారు. అప్పుడు మెత్తటి ఇనుముకు అంచున చిన్న ఉక్కు ముక్క అతికేవారు. ఆ పద్ధతి వేరు, ఆ లోహం వేరు.

నూనె కావాలంటే చాలామంది మెకానిక్ షెడ్డు నుంచి కాలిన ఇంజనాయిల్ తెచ్చుకుంటున్నారు. అందులో లోహపు పొడి ఉంటుంది, రసాయనాలు ఉంటాయి. ముంచినప్పుడల్లా లేచే పొగ కమ్మరి ఊపిరితిత్తుల్లోకి, పక్కన తిత్తి తిప్పే భార్య ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వంటనూనె పొగ మంచిదని చెప్పను గానీ, ఆ విషం ముందు ఇది నయం.

ఈమధ్య ఇంటి దగ్గరే చిన్న కొలిమి, బ్లోయర్ పెట్టుకుని సొంత పనిముట్లు చేసుకుంటున్న కుర్రాళ్లున్నారు. సంతోషమే. వాళ్లకు కొన్ని మాటలు గట్టిగా చెప్పాలి. హోటల్ నూనెలో నీటి చెమ్మ ఉంటుంది, ఉప్పు, మసాలా ఉంటాయి. గుడ్డతో వడగట్టి, ఆరుబయట సన్న మంట మీద చిటపటలు ఆగేదాకా కాచి చెమ్మ పోగొట్టాలి. నూనె కింద నీళ్లుంటే ఎర్రటి ఇనుము తగలగానే అవి ఆవిరై నూనెను ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ప్లాస్టిక్ బకెట్ అసలు వద్దు. మూత ఉన్న లోతైన ఇనుప డబ్బా, పది పన్నెండు లీటర్ల నూనె ఉండాలి, అదీ సగానికి మించకుండా. ఇనుమును సగం ముంచి ఆపితే నూనె భగ్గుమంటుంది, అందుకే ఒక్క ఊపున పూర్తిగా దించాలి. అంటుకుంటే మూత వేయాలి, ఇసుక చల్లాలి. నీళ్లు పోసినవాడు ఇల్లు కాల్చుకుంటాడు.

అయస్కాంతం అంటుకోని వేడి వచ్చాక ఇంకొంచెం కాల్చి ముంచాలి. నూనె 50, 60 డిగ్రీల వెచ్చగా ఉంటేనే పల్చబడి బాగా పనిచేస్తుంది. ముంచి తీసిన ఉక్కు గాజులాంటిది, కింద పడితే విరుగుతుంది. నలుపు గీకి సన్నటి వేడి మీద మళ్లీ కాచాలి. కొడవలికి గడ్డి రంగు నుంచి గోధుమ రంగు దాకా, గొడ్డలికి ఊదా రంగు దాకా వస్తే చాలు. ఇంటి స్లాబు సలాకను మాత్రం ఎన్నిసార్లు ముంచినా గట్టిపడదు. గ్రైండర్‌కు ఆనించి చూడండి. నిప్పురవ్వలు చుక్కల్లా పగిలితే ఉక్కు, గీతల్లా సాగిపోతే మెత్తటి ఇనుము.

హార్వెస్టర్ వచ్చాక కొడవలి ముచ్చటేమిటి అనేవాళ్లు పడిపోయిన వరిలో, గట్ల మూలల్లో, జొన్నచేలో ఒక పూట వంగి కోసి చూడాలి. గంటకోసారి మొండిబారే బజారు కొడవలితో కోసే ఆడకూలీ మణికట్టు ఏమవుతుందో ఆమెనే అడగండి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వ్యాపారులు వచ్చి మకాం వేసేవారు. ఆ నేల మీద ఈరోజు పదునాగే కొడవలి దొరకడం కష్టమైంది.

ఈ నూనెంతా కొలిమిలోకే పోతుందని నేననను. ఒక కమ్మరికి నెలల తరబడి పదిహేను లీటర్లు చాలు. మిగతాది సేకరించే ఏర్పాటు మండలానికొకటి ఉండాల్సిందే. అది ప్రభుత్వం చేయాలి. గ్రామ శాఖలు చేయగలిగింది ఇంకొకటుంది. ఫంక్షన్ హాలు వాళ్లతో, హాస్టల్ వంటవాళ్లతో మాట్లాడి ఒక డబ్బా నూనె కమ్మరికి చేర్పించాలి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరిపని ఉంది. పనిముట్లకు 15 వేలు, శిక్షణలో రోజుకు 500 ఇస్తామన్నారు. మన ఊరి కమ్మరి పేరు అందులో ఉందా, ఆ శిక్షణలో నూనెలో ముంచే పని చేయించి చూపుతున్నారా అని వచ్చే మండల సమావేశంలో అడుగుదాం.

డబ్బాలో నూనె కొన్నాళ్లకు జిగురు పట్టి వాసన కొడుతుంది. అప్పుడు మార్చుకోవాలి. పాతదాన్ని చెరువులోనో కాలువలోనో పారబోయకుండా, సేకరించే వాళ్లు వచ్చేదాకా మూతపెట్టి ఉంచండి.