రాత్రిపూట వినిపించని కుడి చెవి

పోయిన నెలలో ఒక ఆదివారం రాత్రి అమ్మ ఫోన్ చేసి, "మీ నాన్న స్పీకర్ పాడైపోయింది, కొత్తది కొనకు, ఆయన మీద అరవకు, వచ్చినప్పుడు చూడు" అని అన్నీ ఒకే గుక్కలో చెప్పేసింది. కొత్తది ఎందుకు వద్దో నాకు తెలుసు. అది 2018 జూన్‌లో నా మొదటి జీతంతో కొన్న టూ పాయింట్ వన్ సెట్టు. ఒక పెద్ద చెక్క పెట్టె, రెండు చిన్న స్పీకర్లు. ఆ అక్టోబరులోనే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి నాన్న బీరువా సంగతి వదిలేసి ముందు ఈ సెట్టుని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టాడని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, ఆ మోడల్ ఆపేశాం, బోర్డు దొరకదు, ఎక్స్చేంజ్‌లో కొత్తది తీసుకోండి అన్నారు. పెట్టె బాగుంది, స్పీకర్లు బాగున్నాయి, లోపల అరచేయంత బోర్డు ఒక్కటి పోయింది. దాని కోసం మొత్తం పారెయ్యాలట. యాంప్లిఫయర్ విడిగా, స్పీకర్లు విడిగా ఉండే రోజుల్లో ఈ బాధ లేదు, ఏది పోతే అది మార్చుకునేవాళ్లు. ఇప్పుడు యాంప్లిఫయర్ కూడా స్పీకర్ పెట్టెలోనే కాపురం. బేస్ మోగినప్పుడల్లా పెట్టెతో పాటు బోర్డూ వణుకుతుంది, టంకాలు పగులుతాయి. గాలి ఆడదు, వేడి బయటికి పోదు. కెపాసిటర్ల ఆయుష్షు వేడిని బట్టే ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే సుమారు సగానికి పడిపోతుందని ఇంజినీరింగ్‌లో చదివాను. చదివాను గానీ, కాలేజీ అయ్యాక టంకం కడ్డీ పట్టుకున్నది మాత్రం ఇదే మొదటిసారి.

శుక్రవారం రాత్రి రైలెక్కి శనివారం పొద్దున్నే నౌపడలో దిగాను. టీ తాగి, వెనక స్క్రూలు విప్పాను. ఈ పని ఎవరైనా చేసేటట్టయితే ఒక్క మాట. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. మాది పాత పద్ధతి ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు కాబట్టి అక్కడ పద్నాలుగు వోల్టులే. ఈ మధ్య వచ్చే వాటిలో ఫోన్ ఛార్జర్ లాంటి సప్లై ఉంటుంది, దాని కెపాసిటర్‌లో మూడు వందల వోల్టులు దాటి ఉంటాయి. కాసేపు ఆగి, రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్‌మనిపించేవాళ్లున్నారు, వాళ్లని చూసి నేర్చుకోవద్దు.

ఫ్యూజ్ పోయి ఉంది. కొత్తది వేశాను, అదీ పోయింది. ఇక్కడ మా ఊళ్లో చాలామంది చేసే పని, ఫ్యూజ్ బదులు ఒక రాగి తీగ పోగు చుట్టెయ్యడం. అలా చేస్తే తరువాత కాలేది ట్రాన్స్‌ఫార్మరే. దాని బదులు ఒక సిరీస్ బల్బు కట్టుకోవాలి. పాతకాలం అరవై వాట్ల బల్బుని కరెంటుకీ సెట్టుకీ మధ్యలో పెడితే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు కాలిపోదు. షార్టు లేకపోతే ఒక్క క్షణం వెలిగి మందగిస్తుంది. నాది నిండుగా వెలిగింది. బోర్డు మీద ఐదేసి కాళ్లున్న టీడీఏ2030 ఐసీలు నాలుగున్నాయి. రెండు చిన్న స్పీకర్లకి చెరొకటి, పెద్దదానికి జోడీగా రెండు. కుడి స్పీకర్ ఐసీ మూడో కాలికీ ఐదో కాలికీ మధ్య మీటర్ బీప్ కొట్టింది. ప్లస్సూ మైనస్సూ కలిసిపోయాయి. ఐసీ చచ్చిపోయిందన్నమాట.

టెక్కలి వెళ్లి నలభై రూపాయలకి ఐసీ తెచ్చి, మధ్యాహ్నం రెండింటికల్లా వేసేశాను. పాట మోగింది. రెండు వైపులా మోగింది. నేను ఫోటో తీసి స్నేహితుల గ్రూపులో కూడా పెట్టేశాను.

నేను టంకం వేస్తున్నప్పుడు నాన్న పక్కన కూర్చుని ఒక మాటన్నాడు. "సెట్టు సంగతి సరే, నా కుడి చెవి కూడా పోతందిరా. ఏడాదయింది. పగలు బాగానే ఉంటాది, రాత్రిపూట వినపడదు." వయసు కదా నాన్నా అన్నాను. తలెత్తి కూడా చూడలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి కుడి స్పీకర్ ఆగిపోయింది.

ఇలాంటప్పుడు మీటర్ కన్నా ముందు చెయ్యాల్సిన పని, వెనక రెండు వైర్లూ అటుదిటు మార్చడం. స్పీకర్ పోయి ఉంటే నిశ్శబ్దం కుడి వైపే ఉండిపోతుంది. యాంప్లిఫయర్‌లో లోపం ఉంటే నిశ్శబ్దం ఎడమ వైపుకి మారుతుంది. మార్చాను. కుడిది మోగింది, ఎడమది ఆగింది. నాన్న కుర్చీలో కదిలి, "ఇప్పుడు ఎడం చెవి పోనాదేట్రా?" అన్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. తరువాత రాలేదు. నాన్న కుర్చీ ఎప్పుడూ కుడి స్పీకర్ పక్కనే. ఏడాదిగా రోజూ రాత్రి ఆ స్పీకర్ ఆగిపోతుంటే, ఆయన చెవి పోయిందనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. నేను ప్రతి ఆదివారం ఫోన్ చేసి "ఎలా ఉన్నావు" అంటే "బానే ఉన్నాను" అన్నాడు.

అయితే పగలు పనిచేసి రాత్రి ఆగిపోయే ఐసీ ఏమిటి? మా ఆఫీసులో దీన్ని 'నా సిస్టంలో బాగానే ఉంది' జబ్బు అంటాం.

ఆదివారం ఉదయం పెట్టె స్కూటర్ మీద కట్టుకుని మళ్లీ టెక్కలి. రేడియోల కాలం నుంచీ ఉన్న మెకానిక్ ఒకాయన ఉన్నారు, ఇప్పుడు ఎక్కువగా మిక్సీలూ టేబుల్ ఫ్యాన్లూ చూస్తున్నారు. నా కథంతా విని, "ఐసీ మార్సీసినావు, బాగుంది. ఎందుకు సచ్చిందో సూసినావా బాబూ?" అన్నారు. చూడలేదు.

కుడి స్పీకర్ వైరు తీసేసి, ఆ రంధ్రాల్లో మీటర్ పెట్టారు. పాట లేనప్పుడు యాంప్లిఫయర్ నుంచి డీసీ వోల్టేజీ రాకూడదు. కొన్ని మిల్లీవోల్టులుంటే పరవాలేదు. ఇరవై చూపించింది, మంచిదే. అప్పుడాయన బోర్డు మీదకి వంగి, కళ్లజోడు తుడుచుకునేటప్పుడు ఊదుతాం చూడండి, అలా 'హా' అని ఊపిరి వదిలారు. మీటర్ అంకెలు లేచాయి. వంద, ఎనిమిది వందలు, రెండున్నర వోల్టులు. ఊపిరి తడి ఆరేకొద్దీ మళ్లీ దిగాయి. నేను రెండోసారి ఊదమని అడిగాను. ఆయన నవ్వి, నన్నే ఊదమన్నారు.

పెద్ద కెపాసిటర్లు కదలకుండా కంపెనీ వాళ్లు వాటి మొదట్లో గోధుమరంగు జిగురు పోస్తారు. కొత్తలో ఆ జిగురులోంచి కరెంటు పోదు. ఏళ్ల తరబడి వేడి తగిలాక అది నల్లబడి, తేమ తగిలితే కరెంటుని పోనిస్తుంది, కింద ఉన్న కాళ్లని కూడా తినేస్తుంది. మా బోర్డులో ఆ జిగురు కారి ప్లస్ సప్లైకీ, కుడి ఐసీ ఒకటో కాలికీ మధ్య పరుచుకుని ఉంది. దాని మీద మా ఊరి ఉప్పు.

నౌపడ అంటే ఉప్పు మడులు అని చాలామందికి తెలుసు. ఆ గాలి ఇంట్లో తలుపు గొళ్లాల్ని తిన్నట్టే బోర్డుల్నీ తింటుంది. అయితే అది ఎండగా ఉన్నప్పుడు కాదు. మామూలు ఉప్పు గాలిలో తేమ డెబ్భై ఐదు శాతం దాటాక నీళ్లు పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే ముప్ఫై మూడు శాతం చాలు. డబ్బాలో ఉప్పు వానాకాలం చెమ్మగిల్లేది అందుకే. మధ్యాహ్నం ఎండకి బోర్డు ఆరి ఉంటుంది, నేను రెండింటికి పరీక్ష చేసి పాసు చేశాను. రాత్రి తేమ పెరిగాక జిగురూ ఉప్పూ కలిసి సన్నని దారి వేస్తాయి. ఆ దారిన వచ్చిన వోల్టేజీ ఐసీలోకి వెళ్లి స్పీకర్‌లోకి డీసీగా వస్తుంది. పాట లేకపోయినా ఐసీ అలా కరెంటు మోస్తూ కాగిపోతుంది. టీడీఏ2030 బాగా కాగితే తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అదే నాన్న కుడి చెవి. అలా ఏడాది ఆగి ఆగి, చివరికి ఒక రాత్రి షార్టయింది.

బాగుచెయ్యడం చూస్తే ఇంతేనా అనిపించింది. జిగురుని వెదురు పుల్లతో గీకేశారు, ఇనుముతో గీకితే రాగి గీతలు లేస్తాయట. కింద పచ్చబడిన రెసిస్టర్ ఒకటి, చిన్న కెపాసిటర్ రెండు మార్చారు. నేను ఐపీఏ సీసా తీశాను. "ముందది కాదు బాబూ, ఉప్పు దాంట్లో కరగదు" అని, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో బ్రష్షు పెట్టి కడిగారు. ఆ నీళ్లు పోవడానికి తరువాత ఐపీఏ. గంట ఎండ. టంకం కడ్డీ పక్కన పెట్టి, నేను బిగించిన ఐసీ వెనక చూసి "మైకా ముక్క సినిగిపోనాది, సూసుకోనేదా?" అన్నారు. ఈ ఐసీ వెనక లోహపు రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది, హీట్‌సింక్‌కి తగలకుండా మైకా పెట్టాలి. అది కూడా నేను చదువుకున్నదే. చివరికి బోర్డు మీద పల్చగా వార్నిష్ కొట్టి, ఇంకో రెండు సార్లు ఊదించారు. మీటర్ పద్దెనిమిది దగ్గరే నిలబడింది.

ఎంతివ్వమంటారు అంటే రెండు వందలన్నారు. ఐదు వందలిస్తే మూడు వెనక్కిచ్చారు. షాపు ఇంకెన్నాళ్లుంచుతారని అడిగాను. "కుర్రోళ్లు ఎవులూ రావట్నేదు, సూద్దాం" అన్నారు.

ఆ రాత్రి పదిన్నర దాకా కూర్చున్నాం. బయట గూడ్సు బండి పోతుంటే నాన్న ఎప్పటిలాగే సౌండు పెంచాడు, పోయాక తగ్గించాడు. కుడి స్పీకర్ ఆగలేదు. "చెవి వచ్చేసిందిరా" అన్నాడు, అమ్మ వైపు చూస్తూ.

అప్పుడు అమ్మ, వంటింటి గుమ్మం దగ్గర నుంచి, "అయితే ఫోన్ ఎప్పుడూ ఎడం చెవికే ఎందుకు పెట్టుకుంటారు?" అంది.

స్పీకర్లు ఆపేసి, నా ఫోన్‌లోంచి ఆయనకి చేసి, నేను వీధి అరుగు మీదకి వెళ్లి మాట్లాడాను. ఎడమ చెవితో అన్నీ చెప్పాడు. కుడి చెవికి మార్చమన్నాను. "ఆఁ" అన్నాడు. కాసేపాగి మళ్లీ "ఆఁ?" అన్నాడు.

వచ్చే మంగళవారం శ్రీకాకుళంలో చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. సెలవు పెట్టేశాను.