కెమెరా ఎక్కడుందో చెప్పని గుండ్రం

ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆర్ట్ డిపార్ట్‌మెంట్ గదిలో మొన్న గోడకు అంటించిన సెట్ స్కెచ్ చూశాను. రాజదర్బారు. కిటికీల్లోంచి జారే వెలుగు, సన్నటి పొగ, బంగారు రంగు, కన్ను తిప్పుకోలేనంత అందం. కానీ నడిమధ్య ఉన్న గుండ్రటి వేదికను మిద్దెక్కి చూసినట్టు గీశారు. దాని పక్కనే స్తంభాల పాదాలను నేల మీద పడుకుని చూసినట్టు గీశారు. తలపైన వేలాడే షాండ్లియర్‌కు పైభాగం కనిపిస్తోంది. ఒకే దర్బారును మూడు కళ్లు మూడు చోట్ల నుంచి చూస్తున్నాయి. ఆ స్కెచ్‌కు ఓకే పడింది. నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

గుండ్రటి వస్తువును వాలుగా చూస్తే దీర్ఘవృత్తంలా కనిపిస్తుంది. అది ఎంత విచ్చుకుందో చూస్తే, చూసే కన్ను ఎంత ఎత్తున ఉందో చెప్పెయ్యొచ్చు. అందుకే నాకు గుండ్రం అంటే అంత పట్టింపు. పెట్టెను కాస్త తప్పుగా గీసినా చెల్లిపోవచ్చు. గుండ్రం దగ్గర చెల్లదు, అది కెమెరా స్థానానికి సాక్షి. గుండ్రాన్ని తప్పు గీసినవాడు కెమెరా ఎక్కడుందో ఆలోచించలేదన్నమాట. కెమెరా గురించి ఆలోచించని స్కెచ్ సినిమాకు ఎందుకు?

కృష్ణానగర్‌లో ఏ చాయ్ బండి దగ్గరైనా గ్లాసు బల్ల మీద పెట్టి చూడండి. నిలబడితే అంచు విశాలంగా తెరుచుకుంటుంది. కూర్చుంటే సన్నబడుతుంది. తల వంచి కంటిని అంచుకు సమంగా తెస్తే ఒక్క గీతే మిగులుతుంది. గ్లాసు అడుగు మాత్రం అంచుకన్నా ఎక్కువ విచ్చుకుని ఉంటుంది, కంటికి అదే ఎక్కువ కిందుంది కాబట్టి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్లలో మన పిల్లలు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. బల్ల చదునుగా ఉంటుందని బుద్ధి చెప్పగానే గ్లాసు అడుగును తిన్నటి గీతతో కోసేస్తారు. లేదా పై గుండ్రాన్నే కాపీ చేసి కింద అతికిస్తారు. రెండు కొసలనూ మామిడిబద్దలా మొనదేలుస్తారు. గుండ్రానికి మూల ఎక్కణ్ణుంచి వచ్చింది?

స్తంభమైతే ఇంకా స్పష్టం. కంటికి పైనున్న కట్టు కనుబొమ్మలా పైకి వంగుతుంది, కిందున్న కట్టు మెడలో హారంలా కిందకి జారుతుంది. చార్మినార్ దగ్గర నిలబడి ఒక్కో మినార్ చుట్టూ ఉన్న బాల్కనీలను కింది నుంచి పైకి చూసుకుంటూ పోండి, ఎత్తు పెరిగేకొద్దీ వంపు పెరుగుతుంది. 1591 నుంచి ఆ పాఠం నడివీధిలో నిలబడి ఉంది, ఫీజు లేదు. ‘ఒక్కడు’ (2003) కోసం ఆర్ట్ డైరెక్టర్ అశోక్ ఆ కట్టడాన్నే సెట్‌గా నిలబెట్టారు. మన ఊళ్లో మన చేతులతో జరిగిన పని అది.

ఇదంతా డ్రాయింగ్ మాస్టారి చాదస్తం అనేవాళ్లు ఒక లెక్క వినాలి. నేను అసిస్టెంటుగా పనిచేసిన ఒక సినిమాకు 20 అడుగుల వ్యాసంతో, 3 అడుగుల ఎత్తుతో గుండ్రటి వేదిక కట్టాం. దాని మీద పెద్ద తామరపువ్వు వేయించారు. స్కెచ్‌లో ఆ తామర రెక్కలన్నీ విప్పుకుని కనిపిస్తుంది, అడ్డం మూడైతే నిలువు ఒకటి. తీరా షూటింగ్ రోజున కెమెరా 5 అడుగుల ఎత్తున, వేదిక అంచుకు 30 అడుగుల దూరంలో నిలబడింది. అక్కణ్ణుంచి చూస్తే అడ్డం 20 అయితే నిలువు ఒక్కటే. తామర లేదు, గీత ఉంది. బొమ్మలోలా కనిపించాలంటే కెమెరా సుమారు 16 అడుగుల ఎత్తుకు పోవాలి, ఆ సీనుకు అది కుదరదు. “బొమ్మలో ఉన్న పువ్వేదయ్యా?” అని డైరెక్టర్ అడిగితే తల దించుకున్నది బొమ్మ గీసినవాడు కాదు, మేస్త్రీ. వేదిక వెనకవైపు ఎత్తి వాలు చేయడానికి రాత్రంతా నిద్ర మానుకున్నది కార్పెంటర్లు. వాళ్ల ఎర్రబడ్డ కళ్లు నాకింకా గుర్తున్నాయి. తప్పుడు గుండ్రం ఖరీదు ఎప్పుడూ గీసినవాడు కట్టడు.

మద్రాసు రోజుల్లో ‘మాయాబజార్’ (1957)కు ఆర్ట్ డైరెక్టర్లు గోఖలే, కళాధర్ ముందు కాగితం మీద గీశారు, తర్వాతే మార్కస్ బార్ట్‌లీ కెమెరా కదిలింది. ఆ సినిమాలో ద్వారక ఒక మినియేచర్. మినియేచర్ నగరంలా కనిపించాలంటే, నిజం నగరాన్ని ఎంత ఎత్తునుంచి చూస్తున్నామని అనుకుంటామో ఆ ఎత్తును కూడా అదే పాళ్లలో కుదించాలి. కుదించకపోతే బురుజుల గుండ్రాలన్నీ విచ్చుకుని అది బొమ్మరిల్లని చెప్పేస్తాయి. ఆ లెక్క తెలిసిన చేతుల వారసులం మనం.

చక్రాల సంగతి మరీ ఘోరం. రథం ఎటు తిరిగినా చక్రాన్ని నిలువు కోడిగుడ్డులాగే గీస్తారు. ఇరుసు ఎటు పోతే దీర్ఘవృత్తపు పొట్టి అక్షం (హ్రస్వాక్షం) అటే పోవాలి, పొడుగు అక్షం (దీర్ఘాక్షం) దానికి అడ్డంగా ఉండాలి. అంతే సూత్రం. ‘బాహుబలి’ (2015)లో సాబు సిరిల్ రూపమిచ్చిన భల్లాలదేవుడి రథం గుర్తుంది కదా? ముందు గిర్రున తిరిగే కత్తులకు ఇరుసు దిక్కు తప్పితే, అది కాగితం మీదే విరిగిన రథం. ఇంకో మాట: గుండ్రం అసలు కేంద్రం దీర్ఘవృత్తం నడిమధ్య పడదు, కాస్త వెనక్కి పడుతుంది. అది తెలియక వేదిక మధ్య దీపస్తంభాన్ని ముందుకు జరిపేసిన స్కెచ్‌లు ఎన్ని చూశానో.

“చేర్యాల పటాలు వేసే నకాషీలు ఈ లెక్కలు చూశారా?” అని ఒక కుర్రాడు నన్ను అడిగాడు. చూడలేదు. వాళ్లు రథచక్రాన్ని నిండు గుండ్రంగా వేస్తారు, ఆ ఎర్రటి నేల మీద అది వెలిగిపోతుంది, నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ పటం ముందు కథకుడు ఉంటాడు, లెన్స్ ఉండదు. మన ముందు ఉన్నది ఒంటి కన్ను యంత్రం.

“సాఫ్ట్‌వేర్ గీసిపెడుతుంది సార్” అంటారు మరికొందరు. గీస్తుంది, మీరు కెమెరా ఎక్కడ పెడితే అక్కణ్ణుంచి తప్పు లేకుండా గీస్తుంది. ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్తారు? ఇప్పుడు ఏఐ ఇచ్చే దర్బారులను ముద్రించుకుని తెస్తున్నారు, వాటిలో గుండ్రాలు ఒకదాన్నొకటి ఖండించుకుంటున్నాయి. ఆ గొడవ వినపడని కుర్రాళ్లకు తప్పు ఎలా కనపడుతుంది? నేర్పనిది మనం. బళ్లో డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించాం, ఆఫీసుకొచ్చాక ట్యాబ్ చేతిలో పెట్టి తెల్లారేసరికి పది ఫ్రేములు కావాలన్నాం.

జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు నడుపుతున్న ప్రతి ఆర్ట్ డైరెక్టర్‌నూ అడుగుతున్నాను. కొత్త అసిస్టెంటు వస్తే అతని ఫోన్‌లో రంగుల ఫ్రేములు చూడకండి. ఒక చాయ్ కప్పు, సాసర్, పెన్సిల్ ఇవ్వండి. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి, నేల మీద చతికిలబడి ఒకసారి గీయమనండి. రాకపోతే పంపేయొద్దు. వారం రోజులు అవే గీయించండి, జీతమిచ్చి గీయించండి. ఆ తర్వాత దర్బారు కాగితం ఇవ్వండి, కెమెరా ఎత్తు ఎన్ని అడుగులో మూలన రాశాకే మొదటి గీత గీయనివ్వండి.