మన బండి: ఎత్తు బండికి వారానికి అరగంట

మన సోలాపూర్ పూర్వభాగంలో ఇప్పుడు గల్లీకి ఒకటైనా ఎత్తు బండి కనిపిస్తున్నది. పెద్ద ముందు చక్రం, ఎత్తు సీటు, స్పోకుల రింగులు. రోడ్డు మీదా పోతుంది, రాళ్ల బాట మీదా పోతుంది. 2011లో హీరో ఇంపల్స్ 150 వచ్చింది, ఇప్పుడది పాత బండ్లలోనే దొరుకుతుంది. 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. మన పిల్లలు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నారు. సెలవు నాడు తుల్జాపూర్, నల్దుర్గ్ కోట. మిగతా రోజులు కార్ఖానా డ్యూటీ. ఈ బండిని చూసుకోవడం కష్టమేమీ కాదు, కానీ మామూలు బండికన్నా నాలుగు సంగతులు ఎక్కువ తెలియాలి.

మొన్న మార్కండేయ రథోత్సవానికి వారం ముందు ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. ఆమె బీడీలు చేసి దాచిన పైసలు, కొడుకు టవల్ సాంచాల మీద సంపాదించినవి కలిపి పాత ఎక్స్‌పల్స్ కొన్నారు. ఎనిమిది నెలలకే లాగుడు తగ్గింది, పెట్రోలు ఎక్కువ తాగుతున్నది. ఒకచోట చూపిస్తే బోర్ పోయింది, ఇంజన్ దించాలన్నారట. "అంత ఖర్చు మాతోటి కాదన్నా. పోరడేమో అమ్మేస్తనంటుండు. అమ్మితే రాత్రి పాళీకి ఎట్ల పోతడు?" అన్నది.

నేను ఇంజన్ జోలికి పోలేదు. సైలెన్సర్ నుంచి నీలం పొగ లేదు, ఇంజన్ ఆయిల్ తగ్గడం లేదు. ఈ రెండూ లేకుండా ఎవరన్నా బోర్ మాట ఎత్తితే, "ముందు మిగతావి చూడు అన్నా" అని గట్టిగా చెప్పండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపల బూడిదరంగు దూది, చిన్న దిండుకు సరిపడా. దొంగల భయానికి బండిని కార్ఖానా లోపల సాంచాల పక్కనే పెడుతున్నాడట. చైన్ కూడా వీణ తీగలాగా బిగించి ఉన్నది. కొత్త ఫిల్టర్ వేసి, చైన్ వదులు చేసి ఇచ్చాను. బండి ఇంట్లోనే ఉన్నది. పోరడు రథోత్సవానికి తల్లిని వెనక కూర్చోబెట్టుకొని వచ్చాడు.

గాలి. ఇంజన్‌కు పెట్రోలెంత ముఖ్యమో గాలి అంత ముఖ్యం. కంపెనీ బుక్కులో ఫిల్టర్‌కు రాసిన గడువు మామూలు రోడ్డుకు. సాంచాల నడుమ ఉండే మనం అందులో సగానికే విప్పి చూడాలి. ఫిల్టర్ స్పంజిదైతే సబ్బు నీళ్లతో పిండకుండా కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి వేయొచ్చు. ఆయిల్ పూసిన కాగితం ఫిల్టరైతే కడగొద్దు, గాలి కొట్టొద్దు. మార్చాల్సిందే. ఇంజన్ ముందు ఆయిల్ కూలర్ ఉంటే దాని రేకుల మధ్య కూడా దూది నుసి చేరుతుంది. మెత్తని బ్రష్‌తో తీయండి. ప్రెషర్ నీళ్లు దగ్గరి నుంచి కొడితే రేకులు వంగిపోతాయి. అన్నిటికన్నా మేలు, బండిని కార్ఖానా బయట రేకుల కింద గొలుసేసి పెట్టడం.

చైన్. బిగుతుగా ఉంటే మంచిదని మనవాళ్ల నమ్మకం. ఈ బండికి అది విషం. ఎక్స్‌పల్స్ వెనక చక్రం 170 మిల్లీమీటర్ల దాకా కిందికీ పైకీ ఆడుతుంది. ఇద్దరు కూర్చుని గుంతలో పడితే చక్రం పైకి లేస్తుంది, చైన్ ఇంకా బిగుసుకుంటుంది. ముందే బిగుతుగా ఉంటే ఆ దెబ్బ గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. ఎంత వదులుండాలో మీ బండి బుక్కులో రాసి ఉంటుంది. బండిని కొద్దికొద్దిగా తోస్తూ చైన్ ఎక్కడ అన్నిటికన్నా బిగుతుగా ఉందో అక్కడే కొలవండి. కిరోసిన్, మెత్తని బ్రష్‌తో తుడిచి, 90 నంబర్ గేర్ ఆయిల్ లోపలి వైపు పట్టించి రాత్రంతా వదిలేయండి. పొద్దున మిగిలింది తుడవండి, లేకుంటే దూదంతా దానికే అంటుకుంటుంది. ముందు స్ప్రాకెట్ మూత కింద ఆ దూది కంబళిలాగా పేరుకుంటుంది. రెండు నెలలకోసారి విప్పి తీయాలి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇంజన్ నడుస్తుండగా చైన్ తుడవొద్దు. గుడ్డతో పాటు వేలును కూడా లాగేస్తుంది. సాంచా నడిపేవాడికి వేళ్లే ఆస్తి.

స్పోకులు. పడుగులో ఒక్క పోగు వదులైనా బట్టలో కనిపిస్తుందని మీకు నేను చెప్పాలా? చక్రం కూడా అంతే. చిన్న పానాతో ఒక్కో స్పోకును తట్టండి. బిగువున్నది 'ణంగ్' అంటుంది, వదులుది 'టప్' అంటుంది. వదులుదాన్ని పావు తిప్పుకు మించి ఒకేసారి తిప్పొద్దు, రింగు వంకరపోతుంది. వరుసగా మూడు నాలుగు వదులైతే రింగు తీసే మిస్త్రీకి ఇవ్వండి. ఈ బండికి ట్యూబ్ టైర్లు. ఎక్స్‌పల్స్‌కు ముందు చక్రం 21 ఇంచులు, వెనకది 18. దారిలో చిన్న ఊళ్ల పంచర్ దుకాణాల్లో 21 ట్యూబ్ దొరకడం కష్టం. పండుగకు హైదరాబాద్ దారిన మూడు వందల కిలోమీటర్లు పోయేవాళ్లు ఒకటి కట్టుకొని పొండి. గాలి నింపే వాల్వు పక్కకు ఒరిగితే, గాలి తక్కువై టైరు రింగు మీద జారుతున్నదని అర్థం. అట్లనే నడిపితే వాల్వు మొదట్లో ట్యూబ్ తెగుతుంది.

ముందు ఫోర్కు. మెరిసే కడ్డీల మీద నల్లరేగడి మట్టి ఎండిపోనివ్వొద్దు. ఎండిన మట్టి సీల్‌ను కోస్తుంది, ఆయిల్ కారుతుంది. ఆ ఆయిల్ డిస్క్ మీద, ప్యాడ్ల మీద పడితే బ్రేక్ పట్టదు. తడిగుడ్డతో తుడవడానికి రెండు నిమిషాలు చాలు. ఆయిల్ కారడం మొదలైతే, ప్యాడ్లు అరిగితే మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు. ఆ పని చేతనైన మిస్త్రీదే.

వారానికోసారి చైన్, స్పోకులు, గాలి, ఫోర్కు చూడండి. నెలకోసారి ఫిల్టర్ డబ్బా విప్పండి. ఒక పానా సెట్టు, బ్రష్, పాత గుడ్డ ఉంటే చాలు. పాత టవల్ గుడ్డకు మన ఇళ్లల్లో కరువు లేదు కదా. ఇంట్లో పిల్లను కూడా పక్కన కూర్చోబెట్టుకొని నేర్పండి. బండి తనకూ పనికొస్తుంది.

వచ్చే నెల: పాత బండి కొనేముందు పగటి వెలుగులో చూడాల్సినవి.