పాత ఫోను చేతిలో ఉంటే పథకం చేజారాలా?

మొన్నొక రోజు మా మండలంలోని ఒక రైతు సంఘం ఆఫీసుకు వచ్చాడు. చేతిలో తొమ్మిదేళ్ల నాటి స్మార్ట్‌ఫోను. మూలన గాజు పగిలింది, వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఆ ఫోనులో మాట వినపడుతుంది, ఫొటో పడుతుంది. కానీ ఒక పథకానికి పేరు నమోదు చేసుకోవాల్సిన యాప్ మాత్రం ఎక్కలేదు. ఈ ఫోనుకు ఇది పనికిరాదని ఇంగ్లీషులో ఒక ముక్క చూపించి ఊరుకుంది. మొబైల్ షాపులో అడిగితే కొత్తది కొనుక్కోమన్నారట. ఎరువుల అప్పే ఇంకా తీరలేదు, పదివేలు ఎక్కడినుంచి తేవాలి? ‘‘ఫోను చెడిపోలేదు కదన్నా, మరెందుకు మార్చాలి?’’ అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న.

మనం వస్తువును అంత తేలిగ్గా పారేసేవాళ్లం కాదు. కర్రు అరిగితే కమ్మరి దగ్గర సాగదీయించుకున్నాం, నాగలి పారేయలేదు. మోటారు కాలిపోతే వైండింగ్ చేయించి మళ్లీ బావిలోకి దించుతున్నాం. ఫోను సంగతి వేరు. అది మన చేతిలో అరగకపోయినా, ఎక్కడో తీసుకున్న నిర్ణయంతో పనికిరాకుండా పోతుంది.

ఎలాగంటే, మొదటిది నెట్‌వర్కు. 2016లో వచ్చిన జియో మొదటినుంచీ 4జీ మీదే నడుస్తోంది. ఎయిర్‌టెల్ 3జీని మూసేసింది. అప్పట్లో 3జీ చూసి కొన్న ఫోను ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే 2జీకి దిగిపోతుంది. కాల్ కలుస్తుంది కానీ యాప్ తిరుగుతూనే ఉంటుంది. రెండోది ఆండ్రాయిడ్. కంపెనీ కొన్నేళ్లకే అప్‌డేట్లు ఆపేస్తుంది, తక్కువ ధర ఫోన్లకైతే మరీ ముందే ఆపేస్తుంది. ఆ తర్వాత ఒక్కో యాప్ తప్పుకుంటుంది. ఆండ్రాయిడ్ 5.0 కంటే పాతదైతే వాట్సాప్ కూడా నడవదు. మూడోది, వెబ్‌సైటు నిజమైనదేనని ఫోను నమ్మడానికి అందులో కొన్ని భద్రతా పత్రాలుంటాయి. వాటి గడువు తీరితే సైటు బాగానే ఉన్నా ఫోను తెరవనివ్వదు. ఈ మూడింట్లో రైతు తప్పు ఒక్కటీ లేదు.

పాటలు వినడానికే అయితే ఇది ఇంత పెద్ద మాట కాదు. ఇప్పుడు మన బతుకుతెరువే ఫోనులోకి చేరింది. 2025-26 సీజనులో భారత పత్తి సంస్థకు మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై స్లాట్ తీసుకోవాలన్నారు. ఆ సీజనులో పొడవు పింజకు క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలు. స్లాట్ దొరకని రైతు వ్యాపారి చెప్పిన రేటుకే కాటా పెట్టాలి. ఇంట్లో అందరికంటే పాత ఫోను ఎవరి దగ్గరుంటుంది? ముసలివాళ్ల దగ్గర, ఆడవాళ్ల దగ్గర, కౌలు రైతు దగ్గర. అంటే ఆసరా ఎక్కువ కావలసినవాళ్లే ముందు బయట పడుతున్నారు.

యాప్‌లకు మేము వ్యతిరేకం కాదు. ఇంటినుంచే స్లాట్ దొరికితే ట్రాక్టరు కిరాయి కట్టుకుని రెండు రాత్రులు యార్డులో పడిగాపులు పడే బాధ తప్పుతుంది. మేము అడిగేది యాప్ ఒక్కటే దారి కాకూడదని. పీఎం కిసాన్ చూడండి. ఏడాదికి 6,000 రూపాయలిచ్చే ఆ పథకంలో ఈ-కేవైసీకి మూడు దారులున్నాయి. ఓటీపీతో చేసుకోవచ్చు, సేవా కేంద్రంలో వేలిముద్ర వేయవచ్చు, 2023 జూన్ నుంచి యాప్‌లో ముఖం చూపి కూడా చేసుకోవచ్చు. ఒక తలుపు మూసుకున్నా ఇంకోటి తెరిచి ఉంటుంది. అన్ని పథకాలకూ అలాగే ఉండాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేసుకోగలిగినవీ ఉన్నాయి.

యాప్ ఎక్కకపోతే ముందు ఫోనులో జాగా ఉందో లేదో చూడండి. చాలాసార్లు పొద్దునపూట వచ్చే శుభోదయం బొమ్మలు, వీడియోలే ఫోనును నింపేస్తాయి. వాట్సాప్‌లో ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేయండి. సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేసుకోండి.

చార్జింగ్ నిలవకపోతే ఫోను మార్చే ముందు బ్యాటరీ మార్చి చూడండి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఒక్క రోజు కూడా వాడొద్దు, నొక్కొద్దు, పొడవొద్దు.

పాత 3జీ సిమ్ 4జీ ఫోనులో వేస్తే 4జీ రాదు. అదే నంబరుతో కొత్త సిమ్ అడగండి. సెకండ్‌హ్యాండ్ ఫోను కొనేవాళ్లు 4జీ, వోల్టే రెండూ ఉన్నాయో, ఆండ్రాయిడ్ ఏ వెర్షనో చూశాకే డబ్బులివ్వండి.

ఫోను పోయినా ఫరవాలేదు, ఆధార్‌కు కలిపిన నంబరు పోకూడదు. రీఛార్జి లేక చాలాకాలం ఆగితే ఆ నంబరు వేరొకరికి వెళ్లిపోతుంది. ఓటీపీ రావడానికి బటన్ ఫోను చాలు. బ్యాంకు నిల్వ చూడడానికి ఇంటర్నెట్ లేకుండానే *99# ఉంది. పంట సలహాకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉంది. బటన్ ఫోనునుంచి కూడా తెలుగులో అడగవచ్చు.

ఒక హెచ్చరిక. అప్‌డేట్లు ఆగిన ఫోనుకు దొంగల నుంచి రక్షణ తక్కువ. పంట డబ్బులు పడే ఖాతాను అందులో యూపీఐకి కలపకపోవడం మేలు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును ఎవరు పంపినా నొక్కొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత మరమ్మతు చేసినా అన్ని పాత ఫోన్లూ బతకవు, ఆ మాటా ఒప్పుకుందాం. అందుకే భారమంతా రైతు మీద వేయడం అన్యాయం.

మా డిమాండ్లు నాలుగు. రైతు కోసం చేసే యాప్ పాత ఆండ్రాయిడ్‌లోనూ, బలహీనమైన నెట్‌వర్కులోనూ నడవాలి. ఏ వెర్షను కావాలో సీజనుకు ముందే తెలుగులో ప్రకటించాలి. ఫోను లేనివారి నమోదు రైతు వేదికలో, రైతు సేవా కేంద్రంలో సిబ్బందే ఉచితంగా చేసి రసీదు ఇవ్వాలి. కంపెనీలు చౌక ఫోన్లకు కూడా ఏళ్ల తరబడి అప్‌డేట్లు, విడిభాగాలు ఇచ్చేలా చట్టం తేవాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు అందించాలి. మన కేంద్రం కూడా 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, మొబైల్ ఫోన్లు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ తర్వాత ఒక పోర్టల్ పెట్టారు. పోర్టల్‌తో సరిపెడితే చాలదు, చట్టం కావాలి.

ఆ రైతు పని చివరికి పక్కింటి కుర్రవాడి ఫోనులో చేయించాం. దానికే రెండు రోజుల కూలి పోయింది. పక్కింట్లో కుర్రవాడు లేని రైతు సంగతేమిటి? అందుకే వచ్చే మండల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ ఒక కాగితం తేవాలి. ఎవరి ఫోనులో ఏ యాప్ ఆగింది, ఆండ్రాయిడ్ ఏ వెర్షను, దానివల్ల ఎన్ని రోజులు, ఎంత డబ్బు పోయింది అనేవి రాసుకురండి. ఓటీపీలు, పిన్‌లు మాత్రం ఎవరికీ చెప్పొద్దు, మాకూ చెప్పొద్దు. ఆ కాగితాలన్నీ కలిపి కలెక్టరు బల్ల మీద పెడదాం.