పొదుపు పాఠాలు చాలు, వడ్డీ లెక్క చెప్పండి



ఈ మధ్య మన పిల్లలకి ఎక్కడ కెరీర్ మీటింగు పెట్టినా చివర్లో ఒక సారు లేచి డబ్బు గురించి నాలుగు మాటలు చెప్తున్నారు. జీతంలో ఇరవై శాతం దాచండి, ఫోన్లు మార్చకండి, టీ ఖర్చు తగ్గించండి అని. మనోళ్లు చప్పట్లు కొడుతున్నారు. మేం మాత్రం కొట్టడం మానేశాం. ఎందుకో చెప్తాం, కాస్త ఓపిగ్గా చదవండి.

పరవాడలోనో అచ్యుతాపురంలోనో కాంట్రాక్టు పనికి కుదిరిన మన కుర్రాడికి చేతికొచ్చేది 12 వేలో, 15 వేలో. ఇంట్లో నెలజీతం చూసిన మొదటి మనిషి వాడే. అయ్య ఆసుపత్రి, చెల్లి ఫీజు, గాలికి లేచిపోయిన రేకులు, చుట్టాలింట్లో చావు, అన్నీ వాడి ఫోనుకే వస్తాయి. చేతిలో లేదు కాబట్టి 5 రూపాయల వడ్డీకి 40 వేలు తెచ్చాడు. నెలకి వడ్డీయే 2,000. అసలు అలాగే కూర్చుని ఉంటాది. ఇతన్ని పట్టుకుని టీ మానెయ్యమంటే ఏటి లాభం? మహా అయితే 300 మిగుల్తాయి. వాడి కష్టం టీకొట్టు దగ్గర లేదు. డబ్బు ఏ ధరకి కొన్నాడో అక్కడ ఉంది.

మనకి డబ్బు దాచడం రాదనే మాట మేం ఒప్పుకోం. విత్తనానికి దాచి, వానాకాలానికి దాచి బతికిన జనం మనం. రానిది దాచడం కాదు, అప్పుకి ధర అడగడం. అడగనివ్వలేదు కూడా.

ఇది కొత్త గొడవ కాదు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకి ఒక చట్టం తెచ్చింది. కొండజాతి మనిషి దగ్గర ఏడాదికి 24 శాతం మించి వడ్డీ రాబట్టకూడదు, చక్రవడ్డీ కూడదు, మొత్తం వడ్డీ అసలుని దాటకూడదు అని అందులో ఉంది. 24 శాతం అంటే మన లెక్కలో నూటికి నెలకి 2 రూపాయలు. తెల్లదొరల కాలంలో గీసిన గీత అది. వందేళ్లు దాటాక మనోడు కడుతున్నది 5 రూపాయలు, అంటే ఏడాదికి 60 శాతం. పైగా 'పర్లేదు, తెలిసినాయనే, 5కే ఇచ్చాడు' అని మనమే మెచ్చుకుంటాం!

తర్వాత 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చెయ్యకూడదని రెగ్యులేషన్ వచ్చింది. పార్వతీపురం ఏజెన్సీలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్లు గిరిజన సంఘం కట్టినప్పుడు జనం ఎత్తిన గొడవల్లో షావుకారు అప్పు ఒకటి. వాళ్ల రాజకీయం ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, ఆ అప్పు మాత్రం నిజం. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. దాంట్లో 'పాలేరు' అనే మాట మన పేరుతోనే ఉంది చూడండి.

ఇక మన కోట సంగతి. ఘాటు రోడ్డెక్కి అనంతగిరి మండలంలో అడుగు పెడితే షెడ్యూల్డ్ ప్రాంతం. కొండకి ఈ పక్క దారపర్తి పంచాయతీలోని మన ఊళ్లు నాన్-షెడ్యూల్డ్. అదే కొండ, అదే జనం, అదే జీడిమామిడి. గీతకి అవతలున్న వాళ్లకి కాగితం మీదైనా రక్షణ ఉంది, ఇవతలున్న మనకి ఆ కాగితం కూడా లేదు. ఐదో షెడ్యూల్లో కలపమని అడిగినప్పుడల్లా భూమి గురించే మాట్లాడతాం. మంచిదే. అప్పు గురించి కూడా మాట్లాడాలి. వానల్లో చేతిలో నాలుగు వేలు పెట్టి, వేసవిలో పిక్కలు తను చెప్పిన రేటుకి పట్టుకుపోయే వ్యాపారి తీసుకుంటున్నది వడ్డీ కాదా? అక్కడ వడ్డీ అనే మాటే వినపడదు, తూకంలో దాక్కుంటాది. మధ్య దళారీ లేకుండా చెయ్యడానికే 1956లో జీసీసీ పెట్టారు. అది మన ఇవతలి ఊళ్ల పంట అంతా ఎందుకు కొనదో గట్టిగా అడిగే హక్కు మనకుంది.

షావుకారు ఇప్పుడు వేషం మార్చాడు. రోజువారీ ఫైనాన్సు చూడండి. 10 వేలు రాసుకుని 9 వేలు చేతికిస్తారు, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. 'వెయ్యే కదా' అనిపిస్తాది. కానీ రోజూ తీరుస్తూ పోతాం కాబట్టి మన చేతిలో సగటున ఉండేది 4,500 చిల్లరే. దాని మీద 100 రోజులకి వెయ్యి అంటే ఏడాదికి 80 శాతం పైమాటే. ఫోన్లో వచ్చే దొంగ లోన్ యాప్ ఇంకా ఘోరం: 5,000 అని చెప్పి 3,200 వేసి, వారంలో 5,000 కట్టమంటాది. కట్టకపోతే మన ఫోటో మార్చి మేనమామకీ, హాస్టల్ వార్డెనుకీ పంపుతాది. ఆ సిగ్గే వాడి పెట్టుబడి. ఆ సిగ్గుకే ఈ రాష్ట్రంలో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

అందుకే ఇది ఖర్చుల అదుపు పాఠం కాదంటున్నాం. ఆ మీటింగు సార్లు చెప్పాల్సింది ఇది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లోన్ యాప్ మన కాంటాక్టులు, ఫోటోలు తవ్వకూడదు. ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో అప్పు ఇచ్చేముందే కాగితం మీద చూపాలి. వసూలు మనిషి ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. అమ్మకి మైక్రోఫైనాన్సు అప్పు ఇచ్చేటప్పుడు ఇంట్లో అందరి అప్పుల వాయిదాలన్నీ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు, ముందే తీర్చేస్తే జరిమానా ఉండకూడదు. ఫోటోలతో బెదిరిస్తే 1930కి ఫోన్ చెయ్యాలి, డబ్బు కట్టడం కాదు. ఇవి ఒక్క మీటింగులోనైనా విన్నారా?

ఇంకోటి, ఇది కాస్త కోపంగానే రాస్తున్నాం. అప్పు తీరాలని ఏటీఎం కార్డు, సిమ్ము, బ్యాంకు ఖాతా ఎవరికో అద్దెకిస్తున్న పిల్లలున్నారు. నాలుగు వేలో ఐదు వేలో వస్తాయట. ఆ ఖాతాలో ఎవడో మోసపోయిన సొమ్ము తిరుగుతాది, పోలీసు మాత్రం ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే వస్తాడు. తమ్ముడూ, అలా ఇచ్చి ఉంటే ఈరోజే బ్యాంకుకెళ్లి ఆపించు. ఒక్కడివే వెళ్లొద్దు, మనలో ఎవరినైనా తీసుకెళ్లు.

అప్పు ఉందని చెప్పడానికి సిగ్గుపడేవాళ్లకి ఒక మాట. పేరు రాయక్కర్లేదు, ఎవరి దగ్గర తెచ్చారో అదీ అక్కర్లేదు. రాసుకున్నదెంత, చేతికొచ్చిందెంత, రోజుకో నెలకో కడుతున్నదెంత, ఎన్నాళ్లు. ఈ నాలుగు అంకెలు పంపండి. ఏడాదికి ఎంత శాతం పడుతోందో మేం లెక్క కట్టి చెప్తాం. ముందు ఏ అప్పు తీర్చాలో, దేనికి బ్యాంకు దగ్గరకో డ్వాక్రా సంఘం దగ్గరకో వెళ్లొచ్చో కలిసి చూద్దాం. డిగ్రీలో కామర్స్ చదివిన అక్కలూ అన్నలూ, మీరు కూడా ముందుకి రండి. లెక్కలు చాలా ఉంటాయి.